ఫుల్ థ్రాటిల్‌లో ఆగిపోతున్న జెట్ బోట్ ఇంజిన్

ప్రశ్న: మా చిన్న జెట్ బోట్‌ది కార్బ్యురేటర్ ఉన్న టూ స్ట్రోక్ ఇంజిన్ అండి, ఐడిల్‌లో బాగానే ఉంటుంది కానీ ఫుల్ థ్రాటిల్ ఇస్తే కాసేపటికే పడిపోతోంది, చోక్ కొంచెం లాగితే మళ్లీ అందుకుంటోంది. ఎందుకంటారు?

జవాబు: చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ పాళ్లు పెరుగుతాయి, దాంతో అందుకుంటోందంటే పెట్రోల్ సరిపడా అందట్లేదనే అండి. ముందు ఫుల్‌లో తోలడం ఆపేయండి, అలాగే నడిపితే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేయొచ్చు. ట్యాంక్ మూత కాస్త లూజ్ చేసి చూడండి, బాగా నడిస్తే ట్యాంక్‌లోకి గాలి వెళ్లే రంధ్రం (వెంట్) మూసుకుపోయినట్టే. కాకపోతే ఫిల్టర్, ఆ తర్వాత క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు పెట్టె) నుంచి ఫ్యూయల్ పంప్‌కి వెళ్లే పల్స్ పైపు చూడండి, పంప్‌ని ఆడించే ఒత్తిడి దీంట్లోంచే వస్తుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు గానీ చిన్న పగులున్నా పంప్ సరిగ్గా లాగదు. ఆర్‌పీఎం పెరిగి బోట్ మాత్రం కదలకపోతే అది ఫ్యూయల్ సమస్య కాదు, ఇంపెల్లర్ (నీటిని వెనక్కి నెట్టే రెక్కల చక్రం) దగ్గర నాచు చుట్టుకుందేమో చూడాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది, అందుకే ఇంజిన్ గది తెరిచి ఆవిరంతా పోయాకే స్టార్ట్ చేయండి, దయచేసి.