రెండు దేశాల్లో ఒక మాస్టర్స్: బయలుదేరే ముందే తేల్చుకోవాల్సినవి

మల్టీలింగ్వల్ కమ్యూనికేషన్‌లో, అంటే పలు భాషల్లో అనువాదం, సమాచారం అందించే పనిలో, ఇంటర్నేషనల్ డ్యూయల్ మాస్టర్స్ గురించి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. "ఏందబ్బయా, ఒక్క చదువుకి రెండు పట్టాలిస్తారంట, నిజమేనా? రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు కాదుగదా?" అనేది పెద్దవాళ్ల ప్రశ్న. "అన్నా, నాకు తెలుగు, ఇంగ్లీషు, హిందీ వచ్చు. సీటొస్తుందా?" అనేది పిల్లల ప్రశ్న. అడగాల్సిన మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. రెండో ఏడు ఏ ఊళ్లో ఉంటాను, అక్కడి భాష నాకు వచ్చా? ఈ చదువులో సగం కష్టసుఖాలు ఈ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి.

నాది కావలి. జర్మనీలో ఫ్రాన్స్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న సార్‌బ్రూకెన్‌లో స్థిరపడ్డాను. యంత్రాల మాన్యువళ్లను నాలుగైదు భాషల్లో తయారుచేయడం నా పని. ఈ ఊళ్లో ట్రామ్ ఎక్కి కూర్చుంటే అది సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని సార్‌గెమిన్ దాకా పోతుంది. రెండు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సులకు ఊతమిచ్చే ఫ్రాంకో-జర్మన్ యూనివర్సిటీ కేంద్ర కార్యాలయం కూడా ఇక్కడే ఉంది. అందువల్ల ఇలా చదివే పిల్లలను ఏటా చూస్తూనే ఉంటాను.

ముందు పెద్దవాళ్ల సందేహం తీరుస్తాను. డ్యూయల్ మాస్టర్స్ అంటే రెండు కోర్సులు చదవడం కాదు. చదివేది ఒకటే కోర్సు, రెండేళ్లు, 120 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్‌లో చదువును కొలిచే లెక్క). ఒక క్రెడిట్‌కి పాతిక నుంచి ముప్పై గంటల పని అని లెక్క, ఏడాదికి 60 క్రెడిట్లు. మొదటి ఏడు ఒక దేశంలో, రెండో ఏడు ఇంకో దేశంలో చదువుతారు. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటుంది, ఒకచోట సంపాదించిన క్రెడిట్లను రెండోచోట ఒప్పుకుంటారు. చివర్లో థీసిస్ ఒకటే, గైడ్లు మాత్రం సాధారణంగా ఇద్దరు, ఇక్కడొకరు అక్కడొకరు. అంతా పూర్తయ్యాక ఎవరి పట్టా వాళ్లిస్తారు. ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద ఇస్తే దాన్ని జాయింట్ డిగ్రీ అంటారు. మోసం ఏమీ లేదు. మన యూజీసీ కూడా 2022లో ఇండియన్, విదేశీ యూనివర్సిటీలు కలిసి ఇలాంటి డిగ్రీలు ఇచ్చుకోవడానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం డ్యూయల్ డిగ్రీకి కనీసం 30 శాతం క్రెడిట్లు ఇండియాలోని సంస్థలో సంపాదించాలి.

మోసం ఎక్కడుంటుందంటే, పేరులో. కన్సల్టెన్సీ వాళ్లు "మాస్టర్" అన్న ప్రతిదాన్నీ ఎం.ఏ. అనుకోకండి. ఇటలీలో మన పీజీకి సరితూగేది "లావ్‌రేయా మజిస్త్రాలే". అదే ఇటలీలో "మాస్టర్ యూనివర్సితారియో" అని ఇంకోటుంది, సాధారణంగా ఏడాది, 60 క్రెడిట్లు. అది వృత్తి శిక్షణ లాంటిది, దాన్ని రెండేళ్ల పీజీతో సమానంగా చూడరు. స్పెయిన్‌లో ప్రభుత్వ గుర్తింపున్న అఫీషియల్ మాస్టర్ వేరు, యూనివర్సిటీ సొంతంగా ఇచ్చే "తీతులో ప్రోపియో" వేరు. ఫ్రాన్స్‌లో "దిప్లోమ్ నాసియొనాల్ ద మాస్టర్" అని ఉందో లేదో చూడండి. జర్మనీ దృష్టిలో ఒక యూనివర్సిటీకి గుర్తింపు ఉందా అనేది అనాబిన్ అనే డేటాబేస్‌లో తెలుస్తుంది. దాని పేరు పక్కన హెచ్ ప్లస్ (H+) అనే గుర్తు ఉండాలి. రెండు పట్టాల్లో ఒకటి గట్టిది, రెండోది ఉత్త సర్టిఫికెట్ అయితే దానికోసం లక్షలు పొయ్యొద్దు.

ఇక పిల్లల ప్రశ్న. తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని మూడు భాషలు చెబుతారు. ఇక్కడి అనువాద, కమ్యూనికేషన్ విభాగాల్లో భాషలకు ఏ, బీ, సీ అని తరగతులుంటాయి. ఏ అంటే మాతృభాష, బీ అంటే రాయడం, మాట్లాడటం రెండూ ధారాళంగా వచ్చే భాష, సీ అంటే చదివి, విని పూర్తిగా అర్థం చేసుకోగల భాష. ఆ విభాగం బోధించే భాషల్లో నుంచే ఈ మూడూ ఎంచుకోవాలి. అక్కడ తెలుగు ఉండదు, హిందీ ఉండటం కూడా అరుదు. అంటే దరఖాస్తులో మీకు లెక్కకొచ్చేది ఇంగ్లీషు ఒక్కటే. బెల్జియంలో యూసీ లూవాఁ యూనివర్సిటీ వాళ్ల మల్టీలింగ్వల్ కమ్యూనికేషన్ మాస్టర్స్‌నే తీసుకోండి. ఫ్రెంచ్ గట్టిగా ఉండాలి, దాని మీద డచ్, జర్మన్, ఇంగ్లీషు లాంటివి. ఇంగ్లీషు మీడియంలో చదివామన్న ధైర్యంతో అక్కడికి పోతే మొదటి వారంలోనే క్లాసులో బిత్తరపోతారు.

అందుకే నా మాట ఇది. సీటు వెతకడానికి ముందు భాష తేల్చుకోండి. జర్మనా, ఫ్రెంచా, ఇటాలియనా? ఒక్కటి పట్టండి. కనీసం బీ2 పూర్తిచేయండి, అనువాదం ప్రధానంగా ఉన్న కోర్సు కావాలంటే సీ1. (ఇవి పైన చెప్పిన ఏ, బీ, సీ తరగతులు కావు. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ మెట్లు, ఏ1 మొదటిది, సీ2 చివరిది.) సున్నా నుంచి బీ2 దాకా రావాలంటే, దాని మీదే కూర్చుని చదివినా ఏడాది పడుతుంది, డిగ్రీ చదువుతూ పక్కన నేర్చుకుంటే ఏడాదిన్నర, రెండేళ్లు. బీటెక్ మూడో ఏడులోనో బీఏ రెండో ఏడులోనో మొదలుపెట్టాలి. నెల్లూరు పిల్లలకు చెన్నై మూడు గంటల రైలు ప్రయాణం. అక్కడ జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. క్లాసులు ఆన్‌లైన్‌లో విన్నా పరీక్షలు అక్కడికి పోయి రాయొచ్చు. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లకు హైదరాబాదులో గోథే సెంట్రం, అలియాన్స్ రెండూ ఉన్నాయి, ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ కూడా అక్కడే. తడ, సూళ్లూరుపేట వైపు తమిళం వింటూ పెరిగిన పిల్లలు కొత్త భాషకు జంకరు. అది నేను ఇక్కడ కళ్లారా చూస్తున్నాను.

బీటెక్ వాళ్లకు ఇంకో దారి ఉంది. భాష ప్లస్ కంప్యూటర్ కలిసిన కోర్సులు. ఎల్‌సీటీ అని, లాంగ్వేజ్ అండ్ కమ్యూనికేషన్ టెక్నాలజీస్‌లో రెండేళ్ల యూరోపియన్ మాస్టర్స్ ఒకటి ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని సమన్వయం చేసేది మా ఊరి సార్లాండ్ యూనివర్సిటీయే. నాన్సీ, ట్రెంటో, గ్రోనింగెన్, ప్రాగ్, మాల్టా లాంటి చోట్ల ఉన్న యూనివర్సిటీలతో కలిసి ఎదిగింది. ఇలాంటి కోర్సుల్లో బోధన ఇంగ్లీషులోనే. ప్రోగ్రామింగ్, గణాంకాలు, భాషాశాస్త్రం కావాలి. మనవాళ్లలో ఎక్కువమందికి ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. క్లాసు ఇంగ్లీషే అయినా ఇల్లు, బ్యాంకు, ఆస్పత్రి ఇంగ్లీషులో నడవవు. వీళ్లు కూడా అక్కడి భాష ఏ2 దాకా అయినా నేర్చుకుని విమానం ఎక్కడం మంచిది.

ఇప్పుడు పేరు సంగతి. చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ డ్యూయల్ డిగ్రీలో ఇది పీకల మీదికొస్తుంది. ఉదాహరణకు అల్లూరు లక్ష్మీ ప్రసన్న అనే అమ్మాయి అనుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, అంతా ఒకే వరుసలో ఉంటుంది. ఇంటర్ మెమోలో ఎ. లక్ష్మీ ప్రసన్న. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్‌లో. జర్మన్ యూనివర్సిటీ కంప్యూటరు ఖాళీ గడి ఒప్పుకోదు, కాబట్టి అక్కడి గుమస్తా ప్రసన్నను ఇంటిపేరు చేస్తాడు. ఫ్రెంచ్ యూనివర్సిటీలో అల్లూరును ఇంటిపేరు చేస్తారు. రెండేళ్ల తర్వాత చేతికొచ్చేవి ఇద్దరు వేర్వేరు మనుషుల పట్టాల్లా ఉంటాయి. అప్పుడు దిద్దించుకోవడమంటే రెండు దేశాల ఆఫీసుల చుట్టూ తిరగడమే. ఇంట్లో ఉండగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి, పూర్తి అక్షరాలతో, వచ్చేలా మార్పించుకోండి. ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రాయండి. పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో అమ్మానాన్నల పేర్లు, మీ పేరు కూడా ఇలాగే కలవాలి. ఫ్రాన్స్‌లో ఆరోగ్య బీమా నంబరు కోసం ఆ సర్టిఫికెట్‌నూ, దాని అధికారిక అనువాదాన్నీ అడుగుతారు. మనవాళ్లలో చాలామందికి మునిసిపాలిటీ ఇచ్చిన కాగితంలో పిల్లల పేరే ఉండదు, "ఆడ శిశువు" అని ఉంటుంది. కావలి అయినా కనిగిరి అయినా, ముందు ఆ కాగితం తీసి చూడండి.

వీసా దగ్గర కూడా రెండో ఏడే చిక్కు. మొదటి దేశం ఇచ్చిన పర్మిట్ ఉంటే యూరప్ అంతా తిరగొచ్చు కదా అంటారు. తిరగొచ్చు, ప్రతి 180 రోజుల్లో 90 రోజులు, చుట్టపుచూపుగా. చదవడానికి అది చాలదు. 2016లో వచ్చిన యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం, యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉన్న కోర్సులో విద్యార్థి మొదటి దేశం పర్మిట్‌తోనే రెండో దేశంలో 360 రోజుల దాకా చదువుకోవచ్చు. ముందుగా అక్కడి అధికారులకు తెలియజేయాలి, మొదటి పర్మిట్ గడువు అంతకాలం ఉండాలి. ఐర్లండ్, డెన్మార్క్ ఈ నిబంధనలో లేవు. స్విట్జర్లండ్, బ్రిటన్ అసలు యూనియన్‌లోనే లేవు. అక్కడికి పోవాలంటే కొత్త వీసాయే. అడ్మిషన్ లెటర్ రాగానే కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి, "రెండో దేశానికి నేను ఏ కాగితంతో వెళ్తాను?" అని రాతపూర్వకంగా అడగండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, చివరి సెమిస్టర్ ఎక్కడ ఉంటారనేది. జర్మన్ డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల పర్మిట్ ఉంది. జర్మనీలో స్థిరపడాలనుకునే పిల్లలు మొదటి ఏడు జర్మనీలో, చివరి ఏడు ఇంకెక్కడో పెట్టుకుంటే ఇల్లు, పర్మిట్, పరిచయాలు అన్నీ మళ్లీ మొదటికొస్తాయి. క్రమం మార్చుకునే అవకాశం ఉంటే, ఉద్యోగం ఎక్కడ కావాలో ఆ దేశాన్ని చివర పెట్టుకోండి.

డబ్బు విషయం తొందరగా చెప్పేస్తాను, దీని గురించి కన్సల్టెన్సీలే చెబుతాయి. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి లెక్క ఇది. దరఖాస్తుకు ముందు మళ్లీ సరిచూసుకోండి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల కాగితాలు అసలైనవని తనిఖీ చేసి ఇచ్చేది) తప్పనిసరి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దొరికితే నెలకు 1,400 యూరోలు. వస్తే పొలం తాకట్టు పెట్టక్కర్లేదు, కాబట్టి మొదటి ప్రయత్నం దానికే చేయండి. ఊరు మారినప్పుడు రెండో ఇంటికి అడ్వాన్సు, పాత ఇంటి అడ్వాన్సు వెనక్కి రావడానికి పట్టే నెలలు, ఇవి ఎవరూ లెక్కలో వేయరు. దానికి విడిగా కొంత పక్కన పెట్టుకోండి.

చదువు ఎలా ఉంటుందో కూడా తెలియాలి. ఫ్రాన్స్‌లో 20కి మార్కులు. 14 వస్తే మన పిల్లలు ఏడుస్తారు, అమ్మానాన్నలు 70 శాతమేనా అంటారు. అక్కడ 14 అంటే "బియాఁ", అంటే బాగా చదివినట్టు. 16 వస్తే "త్రే బియాఁ", అంటే చాలా బాగా. జర్మనీలో లెక్క తిరగేసి ఉంటుంది, 1.0 అన్నిటికన్నా పైది, 4.0 పాసు. ఒక్క జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. మొదటి ఏడు సబ్జెక్టు ఏదైనా మిగిలితే, రెండో దేశంలో క్లాసులు నడుస్తుండగా మొదటి దేశానికి ప్రయాణం పెట్టుకుని ఆ పరీక్ష రాయాల్సి రావచ్చు. బ్యాక్‌లాగ్ అనేది ఈ కోర్సులో ఇంటి దగ్గరకన్నా ఖరీదు.

"గూగుల్ అంతా అనువదిస్తుంటే ఈ చదువెందుకు?" అని కూడా అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2016లో గూగుల్ అనువాదంలోకి న్యూరల్ పద్ధతి (కృత్రిమ మేధతో అనువదించేది) వచ్చినప్పటి నుంచి కూర్చుని వాక్యం వాక్యం అనువదించే పని తగ్గింది, ఇంకా తగ్గుతుంది. దాని కోసమే అయితే ఇంత దూరం రావద్దంటాను. కానీ ఇక్కడి సూపర్ మార్కెట్‌లో ఫ్రీజర్ తలుపు తీసి ఒక రొయ్యల ప్యాకెట్ చేతిలోకి తీసుకోండి. వెనకవైపు జర్మన్, ఫ్రెంచ్, డచ్ భాషల్లో చిన్న అక్షరాలుంటాయి. లిటోపెనియస్ వన్నామీ అని శాస్త్రీయ నామం, చెరువులో పెంచినవి, దేశం ఇండియా. మన నెల్లూరు, ప్రకాశం తీరంలో గుంటల్లో పెరిగేది కూడా ఆ వన్నామీయే. యూరప్‌లో అమ్మాలంటే ఈ వివరాలు కొనేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అది చట్టం. యంత్రాలకూ అంతే, వాడే దేశపు భాషలో మాన్యువల్ లేకుండా మార్కెట్‌లో పెట్టకూడదు. ఆ అక్షరాల్లో తప్పు దొర్లితే బాధ్యత కంపెనీది. అందుకే యంత్రం ఇచ్చిన అనువాదాన్ని సరిదిద్దేవాళ్లు, ఒక భాగాన్ని మాన్యువల్ అంతటా ఒకే పేరుతో పిలిచేలా పదకోశం నడిపేవాళ్లు, ట్రాన్స్‌లేషన్ మెమరీలు (పాత అనువాదాలను దాచిపెట్టే డేటాబేస్‌లు) చూసుకునేవాళ్లు, అనువాద యంత్రాల నాణ్యత కొలిచేవాళ్లు కావాలి. చీమకుర్తి గ్రానైట్, ఒంగోలు పొగాకు, రొయ్య, ఇవన్నీ విదేశాలకు పోయే సరుకులే. ఆ కంపెనీల్లో కొనుగోలుదారుల భాషలో కాగితం చదివి అర్థం చేసుకునే మనిషి ఒకరున్నా బేరం తీరే మారిపోతుంది.

థీసిస్‌కి తెలుగును తీసుకోండని కూడా గట్టిగా చెబుతున్నాను. ఎనిమిది కోట్ల మంది మాట్లాడే భాష, అయినా కంప్యూటర్లకు దీనిలో దొరికే సరుకు తక్కువ. జర్మన్ మీద పనిచేసేవాళ్లు ఇక్కడ వేలమంది ఉన్నారు, తెలుగు మీద మీరే ఉంటారు. ఇంటి దగ్గర వెంకటాచలంలో ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఉంది, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం ఉంది. అక్కడివాళ్లకు బయలుదేరే ముందే ఒకసారి రాసి చూడండి.

ఎరాస్మస్ ముండస్ లాంటి కోర్సులకు దరఖాస్తులు సాధారణంగా అక్టోబరు నుంచి జనవరి లోపు, క్లాసులు ఆ పై సెప్టెంబరులో. అంటే వచ్చే ఏడాది చేరాలనుకునేవాళ్లు ఈ దసరా లోపు భాష సర్టిఫికెట్, పాస్‌పోర్టు, పుట్టినతేదీ కాగితం, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో చేతిలో పెట్టుకోవాలి. చదువు పూర్తయ్యాక రెండు యూనివర్సిటీల నుంచీ డిగ్రీతో పాటు డిప్లొమా సప్లిమెంట్ అనే కాగితం కూడా అడిగి తీసుకోండి. ఇండియాలో ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో విదేశీ డిగ్రీ మన డిగ్రీతో సమానమనే ధ్రువీకరణ కావాల్సి వస్తే, 2025లో యూజీసీ తెచ్చిన కొత్త నిబంధనల కింద ఏ యూనివర్సిటీలో ఏం చదివారో చూపించాలి. ఆ వివరం అంతా ఆ సప్లిమెంట్‌లోనే ఉంటుంది.