వృత్తి గడిలో వ్యవసాయం, రింగులో రెజ్లర్

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు నాలుగెకరాల పత్తి చేను ఉంది. నా వయసు 27 ఏళ్లు. చిన్నప్పటి నుంచి తాలీంలో కుస్తీ నేర్చుకున్నాను, జాతరల్లో వెండి కడియాలు గెలుచుకున్నాను. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలిలో అమెరికా రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శన చూశాక జలంధర్ వెళ్లి శిక్షణ తీసుకుని రెజ్లర్‌నయ్యాను. ఏ సంస్థతోనూ ఒప్పందం లేదు, పిలిచిన చోటికి వెళ్లి ఆడతాను. ఏడాదికి 32 మ్యాచులు దొరుకుతాయి, మ్యాచుకు సగటున 6,000 ఇస్తారు. నా బొమ్మ ఉన్న టీషర్టుల మీద 41,000, ఆటలు లేని అయిదు నెలలు హైదరాబాదులో జిమ్ ట్రైనర్‌గా 75,000 వస్తాయి. ఇంటికి నెలకు 8,000 పంపుతాను. నా తిండికి 7,000, గది అద్దెకు 4,000 పోతాయి. ప్రయాణాలు, రింగు దుస్తులు, బీమా ప్రీమియం కలిపి ఏడాదికి 60,000 అవుతున్నాయి. బ్యాంకులో 35,000 ఉన్నాయి. మూడు నెలలు అమెరికాలో శిక్షణ తీసుకుని అక్కడ నాలుగు మ్యాచులు ఆడి రావాలని ఉంది. ఆరు లక్షలు కావాలి. అమ్మ నగలు కుదువపెడితే రెండు లక్షలు వస్తాయి. మిగతా నాలుగు లక్షలు ఊళ్లో ఒకాయన మూడు రూపాయల వడ్డీకి నోటు రాసిస్తే ఇస్తానన్నాడు. పేరొస్తే ఏడాదిలో తీర్చేస్తా. నిరుడు మోకాలు దెబ్బతిని మూడు నెలలు ఆడలేదు, ఇప్పుడు బాగానే ఉంది. అంతకు ముందే అయిదు లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాను కాబట్టి దాని గురించి అడగడం లేదు. ఏజెంటు మాకు తెలిసినాయనే, ఫారం ఆయనే నింపాడు, వృత్తి దగ్గర వ్యవసాయం అని రాశాడు. అప్పు విషయమే చెప్పండి.

జవాబు: మీరు అడగనవసరం లేదనుకున్న చివరి రెండు మాటల కోసమే ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. అప్పు సంగతి తరువాత చెబుతాను. రింగులో దిగి బతికే మనిషి తన బీమా దరఖాస్తులో రైతుగా నమోదు కావడం మీ ఒక్కరి పొరపాటు కాదు. పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి నా దగ్గరకు వచ్చే కబడ్డీ ఆటగాళ్లు, బోరుబండ్ల మీద పనిచేసేవారు, క్వారీ కార్మికులు, హార్వెస్టర్ నడిపేవారు, ఎవరి పాలసీ తెరిచి చూసినా వృత్తి గడిలో వ్యవసాయమో కిరాణా వ్యాపారమో కనిపిస్తుంది. ప్రశ్నలు తక్కువ వస్తాయని, ప్రీమియం పెరగదని, పాలసీ త్వరగా చేతికొస్తుందని ఏజెంటు అలా రాస్తాడు. సంతకం మాత్రం మీది.

రెండేళ్ల క్రితం జడ్చర్ల వైపు నుంచి ఒక కబడ్డీ ఆటగాడు ప్లాస్టిక్ సంచిలో కాగితాలన్నీ వేసుకుని వచ్చాడు. భుజం ఎముక విరిగి ఆపరేషన్ అయింది. బిల్లు లక్షా ఎనభై వేల పైచిలుకు. ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన డిశ్చార్జి పత్రంలో 'టోర్నమెంటులో ఆడుతూ పడిపోయినట్టు చెప్పారు' అని ఒక వాక్యం ఉంది. బీమా దరఖాస్తులో వృత్తి 'కిరాణా దుకాణం' అని ఉంది. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి కంపెనీ క్లెయిమును తిరస్కరించింది. ఆ కుర్రాడు చెప్పింది నిజం, ఆస్పత్రి రాసింది నిజం, కంపెనీ తన నిబంధన ప్రకారమే నడుచుకుంది. ఏజెంటు అప్పటికి ఫోను ఎత్తడం మానేశాడు.

మీ విషయం ఇంకొంచెం క్లిష్టమైనది. దేశంలోని ఆరోగ్య బీమా పాలసీలన్నిటిలో కొన్ని మినహాయింపులను, అంటే బీమా వర్తించని సందర్భాలను, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే మాటల్లో ఉండేలా నిర్దేశించింది. వాటిలో తొమ్మిదవది ప్రమాదకర లేదా సాహస క్రీడల్లో వృత్తిదారుగా పాల్గొనడం వల్ల అవసరమయ్యే చికిత్సకు సంబంధించినది. పర్వతారోహణ, మోటారు పందేలు, గుర్రపు పందేలు, స్కూబా డైవింగు వంటివి అందులో ఉదాహరణలుగా ఉన్నాయి. రెజ్లింగ్ పేరు కనిపించదు. అయితే ఆ జాబితా వాటికే పరిమితం కాదని అక్కడే రాసి ఉంది కనుక, రేపు మీరు రింగు తాడు మీది నుంచి దూకి మెడ విరగ్గొట్టుకుంటే అది ప్రమాదకర క్రీడ అవునా కాదా అన్న వాదన ఆస్పత్రి మంచం పక్కన మొదలవుతుంది. ఫలితం ముందే నిర్ణయించుకున్న ఆట కదా, క్రీడ ఎలా అవుతుందని మీరు అనవచ్చు. తాలీంలో అయితే ఎర్రమట్టిని తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తబరుస్తారు. మీ రింగులో కాన్వాసు కింద పలచటి ఫోము, దాని కింద చెక్క పలకలు, ఇనుప దూలాలు ఉంటాయని నాకంటే మీ వెన్నెముకకే బాగా తెలుసు.

కనుక ఈ వారమే చేయవలసిన పని ఇది. మీ దరఖాస్తు కాపీని కంపెనీ నుంచి తెప్పించుకుని, వృత్తి తప్పుగా నమోదైందనీ, మీరు వృత్తిరీత్యా రెజ్లర్ అనీ ఈమెయిలులో రాతపూర్వకంగా తెలియజేయండి. ఏజెంటుతో నోటిమాటగా చెబితే చెప్పనట్టే. కంపెనీ ప్రీమియం పెంచవచ్చు, రింగులో తగిలే గాయాలకు వర్తించదని రాసివ్వవచ్చు, పాలసీని కొనసాగించలేమని కూడా అనవచ్చు. ఏది జరిగినా ఇప్పుడు తెలియడం మేలు. వేరే కంపెనీకి మారాల్సి వస్తే మోకాలి గాయాన్ని దాచకండి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకూ గాయాలకూ 36 నెలల వరకు నిరీక్షణ పెట్టే అధికారం వారికి ఉంది. ఆ గడువు ఎంత త్వరగా మొదలైతే మీకు అంత లాభం. కొత్త పాలసీ చేతికొచ్చేదాకా పాతది వదలకండి. అయిదేళ్లు ప్రీమియం కడితే ఇక కంపెనీ ఏమీ అడగదని ఎవరైనా చెబితే నమ్మకండి. 60 నెలల తరువాత వర్తించే ఆ రక్షణ రుజువైన మోసానికీ, శాశ్వత మినహాయింపులకూ వర్తించదు.

ఆస్పత్రి బిల్లు ఒక ఎత్తు, మంచం మీద ఉన్న నెలల్లో ఇల్లు గడవడం మరొక ఎత్తు. మోకాలి లిగమెంటు పూర్తిగా తెగి ఆపరేషన్ అయితే మళ్లీ రింగులో దిగడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆ కాలంలో జిమ్‌లో కూడా బరువులు ఎత్తించలేరు. ఆరోగ్య బీమా మీ గది అద్దె కట్టదు. అందుకు ప్రమాద బీమా కావాలి, అందులోనూ తాత్కాలిక సంపూర్ణ అశక్తతకు, అంటే కొన్నాళ్లు ఏ పనీ చేయలేని స్థితికి, వారం వారం సొమ్ము ఇచ్చే అదనపు రక్షణ కావాలి. సాధారణ బీమా కంపెనీల దగ్గర దొరికే సరళ్ సురక్షా బీమాలో ఈ రక్షణను ఎంచుకునే వీలుంది. అక్కడా వృత్తి దగ్గరికే వస్తాం. ప్రమాద బీమాలో సాధారణంగా మనుషులను వృత్తిని బట్టి మూడు వర్గాలుగా చూస్తారు, సర్కస్ కళాకారులు, గనుల్లో దిగేవారు చివరి వర్గంలోకి వస్తారు. మిమ్మల్ని ఆ వర్గంలో చేర్చి ఎక్కువ ప్రీమియం అడిగితే సంతోషంగా కట్టండి. రింగు గాయాలు వర్తిస్తాయని రాతలో తీసుకున్నాకే కట్టండి. ఆదాయ రుజువు లేనిదే పెద్ద మొత్తానికి పాలసీ ఇవ్వరు కనుక, పన్ను పడకపోయినా రిటర్ను వేయండి, నిర్వాహకులు పారితోషికంలోంచి ముందే కోసుకున్న పన్ను (టీడీఎస్) కూడా తిరిగి వస్తుంది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా బ్యాంకు ఖాతా నుంచే కట్టించుకోండి. అది మరణానికీ శాశ్వత వైకల్యానికే తప్ప ఆస్పత్రి ఖర్చుకు పనికిరాదు. తెల్ల రేషను కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది, 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి పది లక్షలు, అయితే జాబితాలోని చికిత్సలకే. నిర్వాహకులు రింగు పక్కన సంతకం పెట్టించుకునే 'గాయాలకు నాదే బాధ్యత' కాగితం మీద చూడకుండా సంతకం పెట్టే అలవాటు మానండి. ప్రదర్శనకు సామూహిక ప్రమాద బీమా తీసుకున్నారా అని అడగండి.

ఇక అప్పు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 36. నాలుగు లక్షలకు నెలకు 12,000, అంటే రెండు మ్యాచుల పారితోషికం. ఏడాదికి మీరు ఆడే 32 మ్యాచుల్లో 24 మ్యాచులు వడ్డీ కోసం ఆడి, అసలు ఒక్క రూపాయి తగ్గించకుండా ఇంటికి వస్తారు. ఒక్క పైసా కట్టలేకపోతే మూడేళ్లకు వడ్డీ 4,32,000 అవుతుంది. కాలదోషం పట్టకుండా అప్పిచ్చినాయన నోటు తిరగరాయిస్తాడు, ఆ రోజు నుంచి మీ అసలు 8,32,000. ఆ తరువాత ఆయన చూపు నాలుగెకరాల మీద పడుతుంది. నిరుడు మూడు నెలలు మంచం పట్టిన మోకాలిని నమ్ముకుని ఈ నోటు రాయాలనుకోవడం నాకు అర్థం కాలేదు. పర్యాటక వీసా మీద వెళ్లి పారితోషికం తీసుకుని ఆడటం అమెరికా నిబంధనలకు విరుద్ధమని కూడా మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. కాబట్టి ఆ నాలుగు మ్యాచుల ఆదాయాన్ని లెక్కలోంచి కొట్టేయండి. లోన్ యాప్‌ల ఊసు మీ ఉత్తరంలో లేదు, అదొక్కటే నాకు ఊరట.

పేరొస్తే తీర్చేస్తానంటున్నారు. భారత సంతతికి చెందిన కెనడా రెజ్లర్ జిందర్ మహల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. డబ్ల్యూడబ్ల్యూఈ ఆయన్ను 2014లో తీసేసింది. రెండేళ్లు మీలాగే పిలిచిన చోటికి వెళ్లి ఆడాడు. 2016లో తిరిగి తీసుకున్నారు, 2017 మేలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 2024 ఏప్రిల్‌లో మళ్లీ పంపించేశారు. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ఆ సంస్థలో కూడా రెజ్లర్లు ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లే. టైటిల్ గెలిచిన నాటికి ఆయన వయసు 30. మీకింకా మూడేళ్లు ఉన్నాయని అందుకే చెబుతున్నాను.

ఆ మూడేళ్లలో ఒక్క పని చేయండి. మీ ఆదాయం 3,08,000, ఖర్చు 2,88,000, మిగులు 20,000. జిమ్ పని అయిదు నెలల నుంచి ఎనిమిది నెలలకు పెంచండి. వారాంతపు మ్యాచులకు సెలవిచ్చే జిమ్ చూసుకుంటే అది సాధ్యమే. అదనంగా 45,000 వచ్చి మిగులు 65,000 అవుతుంది. ఇప్పుడున్న 35,000తో కలిపి మూడేళ్లకు 2,30,000 చేరుతుంది. మీ ఇల్లు, తిండి, అద్దె కలిపి నెలకు 19,000 కనుక, ఏడాది పాటు ఒక్క మ్యాచు లేకపోయినా గడవడానికి కావలసినది 2,28,000. నెలజీతగాడికి ఆరు నెలల నిధి చాలంటాను, మీకు పన్నెండు నెలలకు తగ్గితే ఒప్పుకోను. బీమా ప్రీమియం పెరిగితే ఇంకొన్ని నెలలు పడుతుంది, పట్టనివ్వండి. ఈ సొమ్మును సేవింగ్స్ ఖాతాకు జతచేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంచండి. చిట్టీలో వేయకండి. టర్మ్ పాలసీ అనే ప్రాణ బీమా, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌లు ఈ నిధి నిండాక చూద్దాం.

అమ్మ నగలు బీరువాలోనే ఉండనివ్వండి. ఆపరేషన్‌కు క్లెయిము రాని రోజున బ్యాంకులో నెలకు నూటికి రూపాయి లోపు వడ్డీకి అప్పు పుట్టించేవి అవే. నోటు ఇంకా రాయలేదు కనుక ఊళ్లో ఆయనకు ఇప్పుడే వద్దని చెప్పండి. కంపెనీ నుంచి దరఖాస్తు కాపీ రాగానే అందులో వృత్తితో పాటు ఎత్తు, బరువు, పాత గాయాల గడులు కూడా మీరే చదవండి. వృత్తి తప్పు రాసిన చెయ్యి అక్కడితో ఆగిందని నేననుకోను.