కుంగ్‌ఫూ సినిమాల చైనా, మా క్వారీకి వచ్చిన చైనా

వినోదం కోసం తీసే సినిమాలు ఒక దేశ ప్రజల మీద మన అభిప్రాయాన్ని నిజంగా మార్చగలవా అని అడిగారు. మార్చడం తర్వాతి మాట. ఆ అభిప్రాయం మనలో మొదట పుట్టేదే చాలాసార్లు సినిమా హాల్లో. నా అనుభవం చెబుతాను.

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీలో చాలా ఏళ్లు సూపర్‌వైజరుగా పనిచేశాను. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే మా గెలాక్సీ రాయిని కొనడానికి చైనా వ్యాపారులు స్వయంగా వచ్చి బ్లాకులు ఎంచుకునేవారు. మొదటిసారి ఒకాయన కారు దిగగానే మా కుర్రాళ్లు గాలిలో చేతులు తిప్పుతూ కుంగ్‌ఫూ భంగిమలు పెట్టారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. చేతులు తిప్పలేదు గానీ, నా మనసులో ఉన్న చైనా కూడా అదే. ఒంగోలు హాళ్లలో ఆ సినిమాలు చూసి పెరిగినవాణ్ణి.

అవి చాలావరకు 1997 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో తయారైనవని తర్వాత తెలిసింది. బ్రూస్ లీ పుట్టింది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, పెరిగింది హాంకాంగ్‌లో. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' నిర్మాణంలో హాలీవుడ్ సంస్థ ఉంది. వంద కోట్లకు పైగా ఉన్న జనాన్ని మేము ఒక్క నగరం చూపించిన బొమ్మతో పోల్చుకున్నాం. అందుకే ఎవరైనా "ఆ దేశంవాళ్లు ఇంతే" అంటే, ఆ మాట నేర్పిన సినిమా ఎక్కడ తీశారో, ఎవరి కోసం తీశారో ముందు అడగమంటాను.

మా దగ్గరికి వచ్చినాయనది ఫుజియాన్ రాష్ట్రంలోని షియామెన్. మండుటెండలో బ్లాకు మీద నీళ్లు పోయించి, ఆరేదాకా పక్కనే నిలబడేవాడు. పగులు ఉన్నచోట తడి ఆలస్యంగా ఆరి సన్నటి గీత కనబడుతుంది. ఆ గీత కోసం ఆయన కళ్లు వెతికే తీరు, కొలతలో నాలుగు వేళ్ల తేడాకు గంటసేపు చేసే బేరం, అచ్చం మా పెద్ద మేస్త్రీలవే. ఒకరోజు ఉలి పట్టే పెద్దాయన అరచేతిని తన చేతిలోకి తీసుకుని, కాయలు కాసినచోట వేలితో తడిమాడు. వాళ్ల నాన్న కూడా రాళ్లు చెక్కేవాడని దుబాసీ చెప్పాడు. ఆ తర్వాత మా కుర్రాళ్లెవరూ ఆయన ముందు చేతులు తిప్పలేదు.

కూతుళ్లకు కుస్తీ నేర్పే హర్యానా తండ్రి కథతో తీసిన హిందీ సినిమా 'దంగల్' 2017 మే నెలలో చైనాలో విడుదలైంది. 'కుస్తీ పడదాం నాన్నా' అనే అర్థం వచ్చే పేరుతో వేశారు. వంద కోట్ల యువాన్లకు పైగా వసూలు చేసింది. ఆ ఏడాది వచ్చినప్పుడు ఆయన రాళ్ల సంగతి పక్కనపెట్టి, మొట్టమొదటిసారి నా కుటుంబం గురించి అడిగాడు. కూతురుందా? ఏం చదువుతోంది? ఫోనులో మా అమ్మాయి ఫొటో చూపిస్తే, తన కూతురి ఫొటో చూపించాడు. అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా మా మధ్య అలాంటి మాట రాలేదు. ఆ సినిమాకు నేను రుణపడి ఉన్నాను.

తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. ఇక్కడి తండ్రులందరూ అంత కఠినంగా ఉంటారా, ఆడపిల్లల జుట్టు కత్తిరిస్తారా అని. అది హర్యానా కథ, మాకు చాలా దూరం, అక్కడి భాష, తిండి వేరు అని చెప్పాను. మరి హర్యానాలో తండ్రులు అలాగే ఉంటారా అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. హర్యానా ఇళ్ల గురించి నాకు తెలిసింది కూడా ఆ సినిమాలో చూసిందే.