బడికీ గ్రంథాలయానికీ సైబర్ భద్రత: డబ్బు అడిగే ముందు చూసుకోవలసినవి

అమలాపురం

చి. సౌ. అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చార్జి తీసుకున్నావనీ, మీ ఊరి శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ గారితో కలిసి కంప్యూటర్ల భద్రతకి నిధులు అడగాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. అడగాల్సిందే. కానీ అడిగే తీరు తెలియకపోతే ఓ పెట్టె వస్తుంది, దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు, రెండేళ్లకి అది బీరువా మీద దుమ్ముపట్టి ఉంటుంది.

సర్కారీ డబ్బు సంగతి ముందే తెలుసుకో. వస్తువు కొనడానికి ఏదో ఒక పద్దు దొరుకుతుంది, దాన్ని ఏటేటా నడపడానికి దొరకదు. చెరువుకి ఏరేటర్లు కొని కరెంటు బిల్లు సంగతి మర్చిపోయిన రైతు పరిస్థితే ఇది. సైబర్ భద్రతలో ఖర్చంతా నడపడంలోనే ఉంది: ఏటా కట్టే లైసెన్సు, పాడైతే వచ్చే మనిషి, వారానికోసారి కూర్చుని చూసే మనిషి. అందుకని నీ కాగితంలో 'ఏడాదికి' అన్న మాట మొదటి పేజీలోనే ఉండాలి.

అమెరికాలో ఈ పని ఎలా చేస్తున్నారో ఓసారి చూడు. బళ్ళకీ లైబ్రరీలకీ ఇంటర్నెట్ ఖర్చులో రాయితీ ఇచ్చే ఈ-రేట్ పథకం 1996 నాటి టెలికం చట్టంతో వచ్చింది. అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2024 జూన్‌లో సైబర్ భద్రతకని విడిగా 20 కోట్ల డాలర్లతో మూడేళ్ల పైలట్ పథకం పెట్టింది. 2,734 దరఖాస్తులు వచ్చాయి, అడిగిన మొత్తం 370 కోట్ల డాలర్లు! 2025 జనవరిలో 707 దరఖాస్తుల్ని ఎంపిక చేశారు. వాళ్లు డబ్బిచ్చేది నాలుగు రకాలకి: బయటి దాడుల్ని అడ్డుకునే ఫైర్‌వాల్, కంప్యూటర్ల రక్షణ, లాగిన్ గుర్తింపు, నిఘా. బళ్ళకి కట్టిన లెక్క విద్యార్థికి ఏడాదికి 13.60 డాలర్లు, అందులో కొంత బడి సొంతంగా పెట్టుకోవాలి. ఆ డాలర్లతో మనకి పని లేదు. 'తలకి ఇంత, ఏడాదికి ఇంత' అన్న ఆ లెక్క కట్టే పద్ధతి మాత్రం అరువు తెచ్చుకో.

కాగితం రాసే ముందు ఉన్నవాటిని లెక్కపెట్టు. ఒక పెద్ద నోటు పుస్తకంలో కంప్యూటరుకి ఒక పేజీ. కొన్న ఏడాది, విండోస్ ఏ వెర్షను, ఎవరెవరు వాడతారు, అందులో పిల్లల వివరాలున్నాయా, రాయి. ల్యాబు కంప్యూటర్లతో ఆగకు. స్మార్ట్ టీవీలు, తాకే తెరల ప్యానెళ్లు, సీసీ కెమెరాల రికార్డరు, వైఫై రూటరు, ఆఫీసు ప్రింటరు అన్నీ నెట్టుకి తగిలి ఉన్నవే. కెమెరా రికార్డరుకీ రూటరుకీ కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డే ఉందేమో చూడు. చాలాచోట్ల అదే ఉంటుంది, దాన్ని బయటివాళ్లు ఊహించడానికి నిమిషం పట్టదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు, అంటే భద్రతా లోపాల్ని సరిచేసే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరందో ఆ తర్వాతిదో కావాలి. అంతకంటే పాతవాటిని పారెయ్యక్కర్లేదు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లినక్సో, ఉబుంటూనో విండోస్ బదులు ఎక్కిస్తే పిల్లల ల్యాబుకి సరిపోతాయి. క్రాక్ చేసిన, అంటే లైసెన్సు లేని విండోస్ ఎక్కడుందో కూడా ఆ పుస్తకంలో నిజాయితీగా రాయి. ఆ క్రాక్ ఫైలు నడవడానికని యాంటీవైరస్ ఆపేస్తారు, ఆ తర్వాత ఏది లోపలికి వచ్చినా అడిగే దిక్కుండదు.

అన్నిటికంటే ప్రమాదమైనది ల్యాబు కాదు, నీ టేబుల్ మీదున్న ఆఫీసు కంప్యూటరు. యూడైస్‌లో (బడుల ప్రభుత్వ డేటాబేసు) ఎక్కించే వివరాలు, ఆధార్ నంబర్లు, పదో తరగతి పరీక్ష రాసేవాళ్ల జాబితాలు (నామినల్ రోల్సు), జీతాల బిల్లులు అన్నీ అందులోంచే వెళ్తాయి. దాన్ని పిల్లల ఆటలకీ, స్టాఫు రూము సినిమాలకీ ఇవ్వొద్దు. నువ్వు కొత్తగా వచ్చావు కాబట్టి మరో పని వెంటనే చెయ్యి: బడి లాగిన్లన్నిటికీ ఓటీపీ ఏ ఫోనుకి వెళ్తోందో చూడు. హెడ్మాస్టరు బదిలీ అయి వెళ్లినా నంబరు ఆయనదే ఉండిపోతుంది. బడి పేరున ఒక సిమ్ము తీసుకుని, దాన్ని బడిలోనే ఉంచి, అన్నిటికీ అదే పెట్టించు. నెట్ సెంటర్లో కూర్చుని వివరాలు ఎక్కించే అలవాటుంటే మానిపించు. అక్కడి బ్రౌజరు పాస్‌వర్డుని గుర్తుపెట్టుకుంటుంది, మీ తర్వాత కూర్చున్నవాడికి తలుపు తీసే ఉంటుంది.

పైసా ఖర్చులేని పనులు ముందు చేసెయ్యి, వాటికి డబ్బు అడిగితే కాగితం పలచబడిపోతుంది. పిల్లలూ స్టాఫూ వాడే ఖాతాలు మామూలు యూజరు ఖాతాలుగా ఉండాలి, అడ్మినిస్ట్రేటరు ఖాతా వేరే ఉండి దాని పాస్‌వర్డు సీలు వేసిన కవర్లో బీరువాలో ఉండాలి. విండోస్‌తో వచ్చే డిఫెండరు చాలు, దాన్ని ఆపకుండా ఉంటే. పెన్‌డ్రైవు పెట్టగానే దానంతటదే తెరుచుకోవడం ఆపించు, ప్రశ్నపత్రాల రోజుల్లో జెరాక్స్ షాపు నుంచి వచ్చే షార్ట్‌కట్ వైరస్‌కి అదే దారి. రూటర్లో సైటు పేరుని అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర 1.1.1.3, రెండోది 1.0.0.3 పెట్టిస్తే తెలిసిన వైరస్ సైట్లూ, బూతు సైట్లూ చాలావరకు తెరుచుకోవు. అదే రూటర్లో గెస్ట్ నెట్‌వర్కు ఒకటి తెరిచి ఫోన్లూ టీవీలూ దాని మీదికి మార్చు, ఆఫీసు కంప్యూటరు వేరుగా ఉంటుంది. రిపేరుకొచ్చిన కుర్రాడు దూరం నుంచి కంప్యూటరు నడిపే ఎనీడెస్క్ లాంటిది పెట్టి వెళ్తాడు, పని కాగానే తీయించు.

గ్రంథాలయంలో పాఠకులు వాడే కంప్యూటరు ఒక్కటుంటే దానికి గెస్ట్ ఖాతా పెట్టి, మనిషి లేవగానే అంతా చెరిగిపోయేటట్టు చేస్తే చాలు. సభ్యుల రిజిస్టరూ, పుస్తకాల లెక్క చూసే ఈ-గ్రంథాలయ లేక కోహా సాఫ్ట్‌వేరూ ఆ కంప్యూటర్లో ఉండకూడదు.

ఇంక బ్యాకప్పు, అంటే ఫైళ్లకి విడిగా దాచే రెండో కాపీ. మొత్తం డబ్బులో మొదటి రూపాయి దీనికే పెట్టమని నా మాట. ఒక టెరాబైటు బయటి హార్డ్ డిస్కులు రెండు కొను. శుక్రవారం సాయంత్రం ఒకదానికి కాపీ తీసి, వైరు పీకి, బీరువాలో పెట్టు. పై శుక్రవారం రెండోది. డిస్కు కంప్యూటరుకి ఎప్పుడూ తగిలించి ఉంటే, ఫైళ్లకి తాళం వేసే రాన్సమ్‌వేర్ దానిక్కూడా తాళం వేస్తుంది, అప్పుడది బ్యాకప్పు కాదు. రెండు డిస్కులూ ఒకే భవనంలో ఉండకూడదు, మరీ ముఖ్యంగా మన లంకల్లో. వరదొస్తే బడే పునరావాస కేంద్రం అవుతుంది, ఆఫీసు గది తాళం ఎవరి చేతిలో ఉంటుందో చెప్పలేం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక వస్తుంది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే డిస్కూ, పాస్‌వర్డుల కవరూ, నోటు పుస్తకమూ గట్టు మీదున్న ఊళ్లోకి చేరాలి. డిస్కులకి పాస్‌వర్డు పెట్టు, లేకపోతే అది పోయిన రోజున పిల్లల ఆధార్లన్నీ పోయినట్టే. టర్ముకోసారి ఓ పాత ఫైలు డిస్కులోంచి తెరిచి చూడు. తీసిన బ్యాకప్పు తెరుచుకోదని అవసరం పడిన రోజు తెలుసుకోవడం కంటే నష్టం లేదు.

డబ్బు ఎక్కడ ఉంది? సైబర్ భద్రత అని పేరు రాసిన పద్దు కోసం వెతుకుతూ కూర్చోకు, ఉన్న పద్దుల్లోకే ఇది దూరాలి. సర్కారీ బళ్ల పథకం సమగ్ర శిక్షలో బడి నిర్వహణకి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి వస్తుంది: 101 నుంచి 250 మంది ఉంటే 50,000, 251 నుంచి 1000 ఉంటే 75,000, ఆ పైన లక్ష. అందులో పదో వంతు పరిశుభ్రతకి పోతుంది, సుద్దముక్కల నుంచి మరమ్మతుల దాకా మిగతా అంతా దానిమీదే. కాబట్టి పది పన్నెండు వేలకి మించి ఆశించొద్దు, డిస్కులూ యూపీఎస్ బ్యాటరీ దాంట్లోంచి తీసుకో. అదే పథకంలో ఐసీటీ (కంప్యూటరు) ల్యాబుకి ఒక్కసారి ఇచ్చేది 6.40 లక్షలు, ఏడాదికి నడిపే ఖర్చు 2.40 లక్షలు, అదీ అయిదేళ్ల పాటే. మీ ల్యాబు ఎన్నో ఏట ఉందో కనుక్కో. నాలుగో ఏట ఉంటే ఇప్పుడే అడగడం మొదలెట్టాలి.

గ్రంథాలయానికి దారి వేరు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది, పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. వసూలు చెయ్యడం వేరు, జమ చెయ్యడం వేరు. లైబ్రేరియన్ గారు పంచాయతీ కార్యదర్శి నుంచి ఎంత వసూలైందీ, ఎంత కట్టారూ లిఖితపూర్వకంగా తీసుకుని, సంస్థకి రాసే కాగితానికి జతచేస్తే ఆ కాగితానికి బలం ఉంటుంది. కోల్‌కతాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయం కూడా ఉంది, అది రాష్ట్ర గ్రంథాలయ శాఖ ద్వారా వెళ్లాలి.

ఎంపీ నిధులతో కంప్యూటర్లు వస్తాయి గానీ ఏటా వచ్చే ఖర్చులకి నిబంధనలు ఒప్పుకోవు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు ఈ విషయంలో నయం. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో విద్యా ఉంది, పౌర గ్రంథాలయాల స్థాపనా ఉంది. 'కొనసాగే ప్రాజెక్టు' అని రాయించుకుంటే మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు. మన కోనసీమలో చమురు, గ్యాసు తీసే కంపెనీలున్నాయి కదా, వాళ్లని టీవీ అడగొద్దు, నాలుగేళ్ల నిర్వహణ అడుగు.

కాగితం రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలో పిల్లలెంతమంది, కంప్యూటర్లెన్ని, వాటిలో మద్దతు ముగిసినవెన్ని. రెండో పేరాలో చట్టం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే, భద్రతా ఏర్పాట్లు చెయ్యకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. బెదిరింపులా రాయకు, తెలిసినట్టు రాయి. ఆ తర్వాత ఒక పట్టిక: వస్తువు, ఒక్కసారి ఖర్చు, ఏడాది ఖర్చు, చూసుకునే మనిషి. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరసని కొట్టెయ్యి. ఫైర్‌వాల్ పెట్టె విషయంలో తొందరపడకు. పదిహేను కంప్యూటర్ల బడికి అది అక్కర్లేదు. లైసెన్సు అయిపోయాక కొత్త వైరస్‌ల జాబితా రావడం ఆగిపోయి మామూలు రూటరుగా మిగులుతుంది. మండలంలో బళ్లన్నీ కలిసి ఒక టెక్నీషియన్ని అడగడం దానికంటే మేలు. నలుగురు హెడ్మాస్టర్లు సంతకం పెడితే ఎంఈవో (మండల విద్యాధికారి) గారు పక్కన పడెయ్యలేరు.

కాగితంతో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ తీర్మానం జతచెయ్యి. కొనేటప్పుడు జెమ్ (ప్రభుత్వ కొనుగోళ్ల) పోర్టల్లోనే కొను. స్పెసిఫికేషన్లో కంపెనీ పేరు రాయకు, ఎంతమంది వాడతారో, ఏం చెయ్యాలో రాయి. మూడేళ్ల వారంటీ, మూడేళ్ల లైసెన్సు, ఏఎంసీ (ఏటా మరమ్మతుల ఒప్పందం) ధర ఒకే కొటేషన్లో రావాలి. విడిగా అడిగితే మొదటి ధర తక్కువ వేసి రెండో ఏట పిండుతారు. పని అప్పగించేటప్పుడు అడ్మిన్ పాస్‌వర్డులు బడికి ఇవ్వాలనీ, అప్పటిదాకా చివరి బిల్లు పాస్ కాదనీ రాయించు. మార్చి నెలాఖరు హడావుడిలో సంతకాలు పెట్టకు, పెట్టె విప్పి నడిపి చూశాకే స్టాక్ రిజిస్టర్లో ఎక్కించు. డబ్బు వాడినట్టు చూపే యూసీ (వినియోగ ధ్రువపత్రం) వెంటనే పంపు. పై ఏడాది డబ్బు ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఆ ఒక్క కాగితమే.

ఎప్పుడైనా తెర మీద డబ్బు అడిగే నోటీసు కనిపిస్తే నెట్ వైరు పీకెయ్యి, వైఫై ఆపు. కంప్యూటరు మాత్రం ఆపకు, ఫార్మాట్ అసలు చెయ్యనివ్వకు. ఫోనుతో తెర ఫొటో తీసి, ఎన్ని గంటలకి చూశారో రాసుకో. ప్రభుత్వ సంస్థలు ఇలాంటివి కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి ఆరు గంటల్లోగా తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం, కాబట్టి ఎంఈవో గారికి ఫోను చేసి ఆగిపోకు. సెర్ట్-ఇన్ నంబరు 1800-11-4949. ఖాతాలోంచి డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చెయ్యి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. డబ్బు కట్టొద్దు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఇలాగే ఆగిపోతే రెండు వారాల పాటు కాగితాల మీదే పని నడిపారు. నీ దగ్గర కూడా హాజరు, ఫీజులు, మార్కుల రిజిస్టర్లు కాగితం మీద ఒక కాపీ ఉండాలి.

కాగితం ముసాయిదా రాశాక పట్టిక ఒక్కటి నాకు పంపు. ఏడాది ఖర్చు గళ్లు నేను చూస్తాను, లెక్కలు సరిచేసి తిరిగి పంపుతాను. లైబ్రేరియన్ గారి కాగితం విడిగానే వెళ్లాలి, రెండూ ఒకే కవర్లో పెట్టకండి. శాఖలు వేరు, ఫైలు ఏ బల్ల మీదకి వెళ్లాలో తేలక అక్కడే ఉండిపోతుంది.

ఇట్లు,
మావయ్య