ఒప్పందాలు లెక్కపెట్టకు

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు సినాప్సిస్ చదివాను. ఉగ్రవాదం భయంతో దక్షిణాసియా దేశాలు దగ్గరయ్యాయని మొదటి పేజీలోనే తేల్చేశావు. రుజువుగా చూపించినవన్నీ ఒప్పందాలే. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌లోని దేశాలు ఉగ్రవాదాన్ని అణచే ఒప్పందం మీద 1987లోనే సంతకాలు చేశాయమ్మా. 2004లో అదనపు ప్రొటోకాల్ కూడా రాసుకున్నాయి. 2016లో కశ్మీర్‌లోని ఉరీలో మన సైనిక శిబిరం మీద దాడి జరగ్గానే ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సార్క్ సదస్సే ఆగిపోయింది. ఆ తర్వాత ఇంతవరకు సదస్సు ఊసే లేదు.

సంతకాల సంగతి పక్కన పెట్టి, ఎవరు ఎవర్ని అప్పగించారో చూడు. అస్సాం వేర్పాటువాద సంస్థ ఉల్ఫా నాయకుడు అనూప్ చెతియా ఢాకాలో దొరికింది 1997లో, మన చేతికొచ్చింది 2015లో. మధ్యలో 2009లో అక్కడ ప్రభుత్వం మారింది. నన్నడిగితే అసలు కథంతా ఆ ఒక్క మార్పులోనే ఉంది. భూటాన్ 2003లో తన సైన్యంతోనే ఉల్ఫా, బోడో మిలిటెంట్ల శిబిరాలను ఎత్తేయించింది, దాన్నీ చేర్చు.

ఎక్కువ పేజీలు మాత్రం శ్రీలంకకు ఇవ్వు. 2019 ఈస్టర్ పేలుళ్ల గురించి మన దేశం ఏప్రిల్ 4నే కబురు పంపింది. చర్చిల మీద దాడి జరగొచ్చని, ఆ దాడుల సూత్రధారి జహ్రాన్ హాషిమ్ పేరుతో సహా చెప్పింది. అంటే సరిహద్దు దాటడానికి ఆ సమాచారానికి ఏ ఇబ్బందీ రాలేదు. ఇరుక్కుపోయింది కొలంబోలో. అధ్యక్షుడు సిరిసేనకూ ప్రధాని విక్రమసింఘేకూ పడక, అక్కడి జాతీయ భద్రతా మండలి సమావేశాలకు ప్రధానిని పిలవడమే మానేశారు. హెచ్చరిక ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదకు తిరుగుతుండగానే 21వ తేదీ వచ్చేసింది. 260 మందికి పైగా పోయారు. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, సిరిసేన సొంత డబ్బుతో 10 కోట్ల శ్రీలంక రూపాయల పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. ఆ తీర్పు దొరుకుతుంది, పూర్తిగా చదువు. ఏ కాగితం ఏ రోజు ఎవరికి చేరింది, వాళ్లేం చేశారు అని తేదీలవారీగా ఒక పట్టిక రాసుకో.

ఇరుగుపొరుగు దేశాల భద్రతా సలహాదారులు కలిసే వేదిక, 2014 తర్వాత మూలనపడ్డ కొలంబో భద్రతా సదస్సును భారత్, శ్రీలంక, మాల్దీవులు 2020లో మళ్లీ మొదలుపెట్టాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకో. తర్వాత మారిషస్, 2024లో బంగ్లాదేశ్ చేరాయి. పాకిస్తాన్ లేదు కాబట్టే బండి కదులుతోందని నా అనుమానం. నువ్వు మాత్రం సభ్యుల సంఖ్య చూసి మురిసిపోకుండా, రేపు ఇంకో కబురు వస్తే అందుకునేది ఎవరని అడుగు.

రిటైరైన అధికారులతో మాట్లాడితే టీ ఇచ్చి మరీ తమ విజయాలు చెప్తారు. విను, కానీ కాగితంతో సరిచూడకుండా రాయకు.

దసరాలోపు శ్రీలంక అధ్యాయం పంపు. తీర్పు ప్రింట్ తీసి తెచ్చిపెట్టు, ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కావట్లేదు.

మీ పెదనాన్న