పికప్ క్యాబిన్‌లోకి పొగ వస్తుంటే

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పికప్‌లో పొగ వాసన పోవడానికి సెంటు సీసా తగిలించావని మీ అమ్మ చెప్పింది. ఇవాళే దాన్ని తీసి పారెయ్యి నాయనా. పొగలో ప్రాణం తీసేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. మన ముక్కుకు తగిలే ఘాటును బట్టే అదీ లోపలికి వస్తోందని అనుమానించాలి. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు ఇంజన్‌తో పోలిస్తే డీజిల్‌లో అది తక్కువే పుడుతుంది, కానీ అద్దాలు మూసుకుని రాత్రంతా మార్కెట్ దారిలో ఉండే నీకు ఆ ధీమా పనికిరాదు. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

బండి ఎక్కాక తలనొప్పి, వికారం మొదలై, దిగి కాసేపు గాలి పీల్చుకుంటే తగ్గుతున్నాయా? క్లీనర్ కుర్రాడిని కూడా అడుగు. తగ్గుతున్నాయంటే బాగు చేయించేదాకా బండి బయటికి తీయకు. ఏసీ కోసం ఇంజన్ వేసి ఉంచి క్యాబిన్‌లో నిద్రపోవద్దు, ఎంత అలసిపోయినా సరే.

ఇక వెతకడం. వాసన ఎప్పుడు వస్తోందో ముందు చూసుకో. టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు, ఫ్యాన్ వేయగానే ఎక్కువైతే లోపం బానెట్ కిందే ఉంటుంది. క్యాబిన్‌కు గాలి వెళ్లే దారి ముందు అద్దం అడుగునే కదా, ఇంజన్ దగ్గర కారిన పొగ నేరుగా అందులోకి పోతుంది. బండి పరుగెడుతున్నప్పుడు, వెనక అద్దం తెరిస్తే వస్తోందంటే సైలెన్సర్ చివర చూడు. బాడీ కట్టేవాళ్లు ట్రాలీని పొడిగించి, పొగ గొట్టాన్ని మాత్రం దాని కిందే వదిలేస్తుంటారు. పొగ అక్కడే సుడి తిరిగి క్యాబిన్ వెనక్కి చేరుతుంది. గొట్టాన్ని బాడీ అంచు దాటించడం చిన్న పని.

బానెట్ కింద అనుమానం ఉంటే తెల్లవారుజామున, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చెవి పెట్టు. ఇంజన్ నుంచి పొగను గొట్టంలోకి చేర్చే మానిఫోల్డ్ దగ్గర ప్యాకింగ్ పోయినా, దాన్ని బిగించే స్టడ్డు విరిగినా టిక్ టిక్ మని శబ్దం వస్తుంది. ఇనుము వేడెక్కి సాగగానే సందు మూసుకుపోయి శబ్దం ఆగిపోతుంది. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళితే మెకానిక్‌కు ఏమీ వినపడకపోవడం అందుకే. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల చుట్టూ తారులాంటి నల్లని ముద్ద కట్టి ఉందేమో చూడు. ఉంటే కింద ఉన్న రాగి వాషర్ పోయినట్టే.

నీది బీఎస్ 6 బండి, పొగలోని మసిని వడకట్టే డీపీఎఫ్ ఉంది. దానికి ముందు ఏ అతుకు దగ్గర కారినా నల్లటి మసి చార కనిపిస్తుంది. దాని వెనక కారితే మసి వడకట్టిన పొగ కనుక చార ఉండదు, సబ్బు నీళ్లే చెప్పాలి. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, చేతికి తొడుగు వేసుకున్న మనిషి ఒకరు తడి గోనెతో గొట్టం చివర కొద్ది క్షణాలు అదిమి పట్టాలి. నువ్వు అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే కారే చోట బుడగలు లేస్తాయి. కిందికి దూరేటప్పుడు ఒక్క జాకీని నమ్మకు. స్టాండ్లు పెట్టి, చక్రాలకు దిమ్మెలు వెయ్యి.

ఒక్కోసారి లోపం లేకుండానే కాలిన వాసన వస్తుంది. డీపీఎఫ్‌లో పేరుకున్న మసిని బండి తనంతట తానే కాల్చుకునేటప్పుడు లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఆ సమయంలో రోడ్డు మీద పరిచిన వరిగడ్డి పైన బండి ఆపావంటే అంటుకుంటుంది. డీపీఎఫ్ కోసి పారేస్తే గొడవ వదిలిపోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకు. చట్టం ఒప్పుకోదు, ఆ మసి అంతా నీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది.

చోటు తేలాకే సామాను కొను. మానిఫోల్డ్ స్టడ్లు తుప్పు పట్టి ఉంటాయి, బలవంతంగా తిప్పితే హెడ్‌లోనే విరుగుతాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. విప్పాక మానిఫోల్డ్ ముఖానికి స్టీలు స్కేలు ఆనించి చూడు. వంగి ఉంటే లేత్ షాపులో సమానం చేయించు. లేకపోతే కొత్త ప్యాకింగ్ కూడా నిలవదు. బిగించేటప్పుడు మధ్య నుంచి అంచులకు, కొంచెం కొంచెంగా, బిగువు కొలిచే టార్క్ రెంచితోనే. రాగి వాషర్‌ను కాల్చి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకు, కొత్తదే వేయించు. జాలీ అల్లిన ఫ్లెక్సిబుల్ పైపు చిరిగితే అతుకులు వద్దు, మార్చెయ్యి. ఎక్కడ వెల్డింగ్ చేయించినా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అదే ఈసీఎం, కాలిందంటే చాలా ఖర్చు.

గేరు రాడ్డు దగ్గరి రబ్బరు బూటు, క్లచ్ వైపు వైర్లు దూరే రంధ్రాల రబ్బర్లు చిరిగి ఉంటే అవీ వేయించు. పొగ కారడం ఆపకుండా ఇవి మాత్రం మారిస్తే లాభం లేదు.

అంతా అయ్యాక ఒక రోజు తిప్పి, చల్లారనిచ్చి, సబ్బు నీళ్లతో మళ్లీ పరీక్షించు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని క్యాబిన్‌లో పెట్టు, డబ్బు నేను పంపుతాను. మానిఫోల్డ్ విప్పే రోజు ముందే ఫోను చెయ్యి, తొలి బస్సుకు వచ్చేస్తాను.

మీ పెదనాన్న