ఉద్యోగం చేస్తూ మాస్ కమ్యూనికేషన్

ప్రశ్న: బీకాం చదివి మారతహళ్లిలో ఉద్యోగం చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో మాస్ కమ్యూనికేషన్ ఎం.ఏ. చేస్తే చెల్లుతుందా? కెమెరా పని ఎలా వస్తుంది?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: చెల్లుతుంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. అయితే యూనివర్సిటీ పేరు చూసి ఫీజు కట్టేయకండి. యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో మీ కోర్సు, మీరు చేరే సెషన్, ‘ఆన్‌లైన్’ అనే మాట మూడూ కనిపించాలి. తర్వాత ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ ఖాతా నంబరు), దాంతో డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా బ్యూరో ఇచ్చే విద్యార్థి నంబరు) తీసుకోండి. ఆధార్‌లో ఒక పేరు, మార్కుల మెమోలో మరో పేరు ఉంటే ముందే సరిచేయించుకోండి.

కెమెరా పని మాత్రం పాఠాలు వింటే రాదు, చేతులు ఆడాలి. మొదట్లో ఫోన్ చాలు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు (బొమ్మలు), షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి. ఫోన్‌లో మామూలుగా ఉండే 30 ఫ్రేములతో తీస్తే ట్యూబ్‌లైట్ కింద చారలు కదలొచ్చు. కొత్తవాళ్ల వీడియోలు ఎక్కువగా చెడేది బొమ్మ వల్ల కాదు, శబ్దం వల్ల. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి, ఫ్యాన్ ఆపండి, రోడ్డువైపు కిటికీ మూసేయండి. ఇయర్‌ఫోన్స్‌తో అర నిమిషం విన్నాకే అసలు రికార్డింగ్ మొదలుపెట్టండి.